దగ్గే కారులో కోత పండుగకు

మా ఇంట్లో ఆదివారం కోడికూర వండితే, కాలు ముక్క ఎవరి పళ్లెంలో పడిందో చూసి ఆ వారం ఎవరి పరపతి ఎంతో చెప్పేయవచ్చు. వడ్డించేది మా అత్త. మామ పోయాక ఆమె బద్వేలు అవతల ఉన్న తన పల్లె నుంచి కర్నూలుకు వచ్చి మాతోనే ఉంటోంది. వచ్చేటప్పుడు రెండు ట్రంకుపెట్టెలు, ఒక బైబిలు, వడ్డించే గరిటె మీద సర్వహక్కులు వెంట తెచ్చుకుంది. అల్లుడికి కాలు, కూతురికి కార్జం, మెడ పనికిరానివాళ్లకు. ఇది ఆమె రాజ్యాంగం. పెళ్లయినప్పటి నుంచి కాలు ముక్క నాదే.

అలాంటిది పోయిన ఏడాది కోత పండుగ తర్వాత వచ్చిన ఆదివారం నా పళ్లెంలో మెడ పడింది. చెయ్యి తప్పిందేమో అనుకున్నాను. తర్వాతి ఆదివారమూ మెడే. అప్పుడు అర్థమైంది, ఇది పొరపాటు కాదు, తీర్పు. అప్పీలుకు అవకాశం కూడా లేదు.

నేరం చేసింది నేను కాదు, నా కారు.

అదొక పాత చిన్న కారు. విలేకరిగా ఆలూరు, ఆదోని పల్లెల్లో కరవు వార్తల కోసం తిరిగి తిరిగి అప్పటికే దాని ఒళ్లు హూనమై ఉంది. పెట్రోలు పోయించలేక దానికి గ్యాస్ కిట్టు పెట్టించాను. డిక్కీలో అడ్డంగా ఒక లావుపాటి ట్యాంకు కూర్చుంది. అప్పటి నుంచి మా సామాను వెనక సీటులో, వెనక సీటు మనుషులు ఒకరి ఒళ్లో ఒకరు.

కిట్టు బిగించిన రోజు మెకానిక్ మా ఇంటి ముందే అందరికీ అన్నీ చూపించాడు. ఈ గొట్టంలో గ్యాస్ వస్తుంది, ఇంజను దగ్గర ఈ స్క్రూ తిప్పితే పెరుగుతుంది తగ్గుతుంది, ట్యాంకు మీద ఇదిగో ఈ గుండ్రటి కుళాయి కట్టేస్తే గ్యాస్ మొత్తం ఆగిపోతుంది. "ఈ కుళాయితో మీకు పని లేదు సాబ్, మాకు రిపేరప్పుడే," అన్నాడు. నేను తల ఊపాను. నా భార్య ఫోన్ చూసుకుంటోంది. అత్త మాత్రం వాకిట్లో నిలబడి, పరిశుద్ధ గ్రంథ పఠనం వింటున్నంత శ్రద్ధగా విన్నది.

ఆ తర్వాత అందరూ చేసే తప్పే నేనూ చేశాను. గ్యాస్ ఉంది కదా అని పెట్రోలు ట్యాంకును ఎండబెట్టాను. కొన్నాళ్లకు పెట్రోలు పంపు పనిలేక బిగుసుకుపోయింది. ఇక కారుకు గ్యాసే గతి.

మొదట్లో బాగానే పరిగెత్తింది. తర్వాత దగ్గు మొదలైంది. ఊళ్లో మెల్లగా తిప్పితే ఏమీ ఉండదు. పాతబస్తీ సందుల్లో ఆవుల వెనక, ఆటోల వెనక పోయేటప్పుడు బుద్ధిమంతురాలు. నంద్యాల రోడ్డెక్కి కాలు కాస్త గట్టిగా నొక్కామా, ఒక ఎగురు, ఒక దగ్గు, మళ్లీ ఎగురు. ఎత్తు వచ్చిందంటే ఊపిరందని మనిషిలా రొప్పుతుంది. వెనక సీటులో కూర్చున్నవాళ్లు పోయినంత దూరమూ ఔను ఔను అని తల ఊపుతూనే ఉంటారు. ముందు నుంచి చూస్తే నేను చెప్పే ప్రతి మాటకీ ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో అలా జరిగేది కారులోనే.

ఇక కోత పండుగ సంగతి చెప్పాలి. మా అత్తగారి పల్లెలో రాతి గోడల పాత చర్చి ఒకటి ఉంది. శెనక్కాయలు పెరికి, జొన్నలు ఇంటికి చేరాక ఒక ఆదివారం కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిట్లో అన్నిటినీ ఏలం వేస్తారు. చేతిలో డబ్బు అంతగా ఆడనివాళ్లు కూడా ఆ రోజు పంతానికి పోయి సొరకాయను బంగారం చేసి కొంటారు. దేవుడి పేరు మీద సాగే పంతాల్లో ఇంత నిరపాయకరమైనది నేను ఇంకొకటి చూడలేదు.

ఏలంలో మొదటి వస్తువు మా అత్తగారి ఇంటిది. ఆ చర్చికి రాళ్లు మోసిన తరం నుంచి అది ఆ ఇంటి మర్యాద. అన్నదమ్ములు వేరుపడ్డాక ఆ మర్యాద పెద్దకోడలైన మా అత్తకు దక్కింది. చిన్నకోడలు, అంటే మా అత్త తోడికోడలు, అదే పల్లెలో ఎదురింట్లోనే ఉంటూ, పెద్దకోడలు ఒక్క ఏడాది రాకపోతే చాలని కాచుకుని ఉండేది. ఏడాదికొకసారి జరిగే ఆ మొదటి పాట కోసం మా అత్త కర్నూలులో మా పెరట్లో ఒక పుంజును పెంచేది. అది కాలనీ మొత్తానికీ అలారం. పక్కింటి బ్యాంకు ఉద్యోగి మాతో మాట్లాడటం మానేసింది ఆ పుంజు వల్లే.

పోయిన ఏడాది దగ్గుకుంటూ, ఆగుకుంటూ మేం చేరేసరికి సగం ఏలం అయిపోయింది. తోడికోడలు గుమ్మడికాయ మొదటి పాటకు పోయింది. మా అత్త పుంజు శెనక్కాయల మూటకీ చీపుళ్ల కట్టకీ నడుమ ఎప్పుడో పోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. తిరుగు దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాట్లాడని అత్త, మాటలు రువ్వే అత్త కన్నా ప్రమాదమని నాకు ఆదివారం మెడ ముక్కతో తెలిసింది.

ఆ ఏడాదంతా నేను కారుకు వైద్యం చేయించాను.

మా మెకానిక్ మంచివాడే. ఒక్కటే లోపం, ఆయనకు తెలియనిది ఏదీ లేదు. కారును షెడ్డు ముందు నిలబెట్టి, బానెట్టు ఎత్తి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. "ప్లగ్గులు సాబ్. గ్యాస్ బండికి ప్లగ్గు పక్కాగా ఉండాల. పెట్రోలు బండైతే మాఫ్ చేస్తాది, గ్యాస్ మాఫ్ చెయ్యదు." ప్లగ్గులు మార్చాడు. సందులో ఒక చుట్టు తిప్పి చూపించాడు. బ్రహ్మాండంగా ఉంది. సందులో అది ఎప్పుడూ బ్రహ్మాండమే. రోడ్డెక్కగానే దగ్గింది. ప్లగ్గు వైర్లు అన్నాడు, మార్చాడు. గాలి ఫిల్టరు అన్నాడు, విప్పి దులిపితే అందులోంచి ఆలూరు దుమ్ము రాలింది. ఇంత దుమ్ముతో అది ఇన్నాళ్లు ఎలా బతికిందని అందరం ఆశ్చర్యపోయాం. మార్చాక కూడా దగ్గింది. ఇంజను దగ్గరే గొట్టానికి బిరడా పెట్టి, గ్యాస్‌ను వేడిచేసే డబ్బా విప్పి కడిగాడు. దగ్గింది. చివరికి ఒక రోజు కారు చుట్టూ మెల్లగా తిరిగి, "ఇంట్లో బండి ఏ దిక్కు మొగం పెట్టి నిలబెడతారు సాబ్?" అని అడిగాడు. ఇక వైద్యం అయిపోయిందని నాకు తెలిసింది.

ఇంత జరిగినా డిక్కీ వైపు ఎవరం పోలేదు. పోయేటట్టు కూడా లేదు. ట్యాంకు బోసిగా ఉందని అత్త దాని మీద ఒక పాత చీర కప్పింది. చీర మీద పుంజుకు వేసే నూకల సంచి, ఒక చీపురు, ఆమె చర్చికి తీసుకుపోయే చాప. గ్యాస్ పట్టించే మూతి బయట ఉంది కాబట్టి బంకులో కూడా డిక్కీ తెరిచే పని లేదు. రోగం ఇంజనుదైతే చీరకట్టుకున్న ట్యాంకును ఎవరు అనుమానిస్తారు?

ఈ ఏడాది కోత పండుగ దగ్గరపడింది. కొత్త పుంజు సిద్ధమైంది. పోయినదాని కన్నా ఇది ఇంకా పొగరు. అత్త నాతో నేరుగా ఏమీ అనలేదు. కూతురికి వినబడేటట్టు, నాకు తగిలేటట్టు అన్నది.

"ఈసారి గూడా దాని గుమ్మడికాయే ముందు పాడితే, నేను ఇంగ ఆ ఊరు తొక్కను."

"బస్సులో పోదాం మా," అన్నది నా భార్య.

"బస్సులో పుంజును ఎక్కనిస్తారా? పోయినాపొద్దు ఒకామె కోడిపిల్లను తెస్తే కండక్టరు దానికీ టికెట్ తీసుకోమన్యాడంట."

అలా కారే ఖాయమైంది. తెల్లవారుతూనే బయలుదేరాం. ముందు నేను, పక్కన నా భార్య, వెనక అత్త, ఆమె పక్కన గంపలో పుంజు. గంప మీద వల కట్టినా తల బయటికి పెట్టి రోడ్డు చూస్తూ వచ్చింది. నంద్యాల దాకా ఆరాటపడకుండా మెల్లగా పోయాను. ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు, చివరికి ఒక శవయాత్ర వ్యాను కూడా మమ్మల్ని దాటిపోయాయి.

"చచ్చినోళ్లు గూడా మనకంటే ముందే పోతాండారు," అన్నది వెనకనుంచి అత్త.

నేను నొక్కాను. కారు ఎగిరింది, దగ్గింది. ప్రతి ఎగురుకూ పుంజు కూసింది. ఆళ్లగడ్డ దగ్గర, అహోబిలం దారి చీలే చోట, ఇక కుదరక పక్కకు తీసి బానెట్టు ఎత్తాను.

మా సీమలో రోడ్డు పక్కన ఎత్తిన బానెట్టు ఊరుమ్మడి ఆస్తి. పలకరింపు కూడా లేకుండా తల దూర్చే హక్కు అందరికీ ఉంటుంది. అహోబిలం నుంచి వస్తున్న ఒక టెంపో ఆగింది. గుండ్లకు గంధం పూసుకున్న మగవాళ్లు దిగారు. టీ అంగడి నుంచి నలుగురు వచ్చారు.

"ఏమప్పా, ఏమైంది బండికి?"

"దగ్గుతాండాది."

"గ్యాసా?"

"గ్యాసే."

"మా బామ్మర్ది బండి గూడా ఇట్లే చేసె. అమ్మేసినాడు. ఇప్పుడు శానా సుకంగా ఉండాడు."

"అమ్మేది తర్వాతప్పా, ముందు బీడీ ఆర్పు. గ్యాస్ బండి కాడ బీడీ తాగుతాండావు, నువ్వు పోతే పోయినావు, గుండ్లు గీయించుకున్న మేమేం పాపం చేసినాం?"

ఒక పెద్దాయన లోపలికి వంగి, కళ్లజోడు సర్దుకుని, స్క్రూ కనిపెట్టాడు. "ఈడ ఉండాది సూడు. గ్యాస్ సాలడం ల్యా. అర తిప్పు తిప్పితే సాలు." తిప్పాడు. రెండో ఆయన అది చాలదని ఇంకో తిప్పు తిప్పాడు. అత్త కారులోంచి దిగి చూస్తుంటే గుండు మీద గంధం తడి ఆరని ఒకాయన, "నరసింహస్వామికి మొక్కుకోవ్వా, నడుస్తాది," అన్నాడు.

"మేము కిరస్తానోళ్లం నాయనా."

"అయితే మీ దేవునికే మొక్కుకో. స్క్రూ మాత్రం నేనే తిప్పుతా." తిప్పాడు.

పెళ్లి వంటలో దారిన పోయే ప్రతి ముత్తైదువా తలా ఒక చిటికెడు ఉప్పు వేసినట్టు, అక్కడ నిలబడ్డ ప్రతి మగవాడూ ఒక చెయ్యి వేశాడు. ఇంతలో గంపలో పుంజు కూసింది.

"పుంజును అమ్ముతావా అవ్వా?"

"అమ్మేదే. నీకు గాదు, దేవునికి."

"దేవుడు కోడికూర తింటాడా?"

"దేవుడు తినడు. మా చర్చి అయ్యగారు తింటాడు."

నవ్వుల మధ్య బండి ఎక్కాం. ఆశ్చర్యం, కారు కొంచెం బాగుపడింది. మైదుకూరు దాకా దగ్గు తగ్గి ఆయాసం మాత్రమే మిగిలింది. బీడీ ఆయన నుంచి కళ్లజోడు పెద్దాయన దాకా అందరినీ మనసులో దీవించాను. అత్త కూడా కొంచెం మెత్తబడి, "అయిదు వేళ్లు కలిస్తేనే ముద్ద," అన్నది.

మైదుకూరు దాటి బద్వేలు దారి పట్టాక అడవిలో ఎత్తు మొదలైంది. ఎండ ఎక్కింది. సగం ఎత్తులో కారు రెండు ఎగుర్లు ఎగిరి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, నిలబడిపోయింది. ఈసారి సలహా ఇచ్చేవాళ్లు కూడా లేరు. రెండు వైపులా ముళ్ల చెట్లు, రాళ్లు. నా భార్య టైము చూసి, చూసినట్టు కనబడకుండా ఫోను బ్యాగులో పెట్టేసింది. ఆరాధన మొదలై చాలాసేపై ఉంటుంది. ప్రసంగం అయిపోతే ఏలమే.

నేను బానెట్టు ఎత్తి, ఏమీ తెలియకపోయినా అన్నీ తెలిసినవాడిలా లోపలికి చూస్తున్నాను. వెనక డిక్కీ తెరిచిన చప్పుడైంది. అత్త చీర మడత పక్కకు తోసి, ట్యాంకు మీదికి వంగి, అలవాటైన చేత్తో కుళాయి తిప్పుతోంది.

"ఏం చేస్తాండావత్తా?"

"గ్యాస్ కట్టేస్తాండా. బండి ఆగినాక గ్యాస్ తెరిచి పెట్టుకోని కూచుంటారా యాడన్నా?"

"ఆ కుళాయి నీకు తెల్సా?"

"తెలియకేం? ఆ పొద్దు ఆయప్ప చూపించలా? దినామూ మాపుటేల ప్రార్థన అయినాక పొయ్యి గ్యాసు కట్టేస్తా, వచ్చి ఈ గ్యాసు కట్టేస్తా. ఇంట్లో ఇంత పెద్ద సిలిండరు పెట్టుకోని మీకెవురికీ గెవనం లేకపోతే నేనన్నా సూసుకోవల్ల గదా."

నేను బానెట్టు దగ్గర నుంచి మెల్లగా వెనక్కి వచ్చాను.

"మళ్లా పొద్దున?"

"తెరుస్తా. తెరవకపోతే నువ్వు బండి ఎట్ల తీస్తావు?"

"పూర్తిగా తెరుస్తావా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. ఇంత చదువుకుని ఈ మాత్రం తెలియదా అన్న చూపు.

"పూర్తిగా ఎందుకు తెరుస్తా? బర్రె కుడితి తాగినట్టు తాగుతాది ఈ బండి, దుడ్లన్నీ బంకుకే పోతాండాయి అని నువ్వే గదా అన్నం తింటా మొత్తుకుంటివి. అందుకే సిమ్‌లో పెడ్తా."

నా భార్య కారు తలుపు పట్టుకుని రోడ్డు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "మా! కారును సిమ్‌లో పెడ్తివా మా!"

"ఏమ్మే, ఎందుకు నగుతావు? పప్పు సిమ్‌లో ఉడకదా? ఉడికేది కొంచెం ఆలీసం, గ్యాసు మిగల్లా? పప్పు ఉడికితే కారు ఉరకదా?"

ఇందులో తర్కదోషం ఎక్కడుందో ఆ ఎండలో నాకు వెంటనే దొరకలేదు. కుళాయి పట్టుకు చూస్తే మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది. ఏడాదికి పైగా ఆ సన్నటి సందులోంచే కారు ఊపిరి పీలుస్తోంది. సందుల్లో తిరగడానికి ఆ ఊపిరి చాలేది. రోడ్డు మీద, ఎత్తు మీద చాలేది కాదు. ఏ దిక్కుకు ముఖం పెట్టి నిలబెట్టినా చాలేది కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగి బతికినవాణ్ని, ఊళ్లో ప్రతి మెకానిక్‌నూ అడిగాను గానీ ఇంట్లో గరిటె పట్టుకున్నామెను అడగలేదు.

అత్త ముఖంలో మెల్లగా రంగు మారింది. ఆమెకూ లెక్క అందుతోంది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే పోయినేడు గూడా..."

గంపలోంచి పుంజే జవాబు చెప్పింది.

నేను కుళాయిని చివరిదాకా తెరిచాను. తాళం తిప్పాను. కారు గర్జించి, గుప్పున గ్యాస్ వాసన కొట్టి, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు గుటకలు మింగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అదే. అత్త కళ్లు పెద్దవి చేసుకుని, "సూస్తివా? పూర్తిగా తెరిస్తే ఇట్లే అయితాది," అన్నది. ఒక్క క్షణం ఆమె మాటే నిజమేమోననిపించింది కూడా.

మెకానిక్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేను మొదటి నుంచీ చెప్తానే ఉండా సాబ్, ప్రాబ్లం గ్యాస్ రావడంలోనే ఉండాదని."

"ఎప్పుడు చెప్పినావు?"

"మనసులో అనుకుంటాంటి. సరే, ఇంజను కాడ స్క్రూను ఎవురన్నా ముట్టుకున్నారా?"

"ఆళ్లగడ్డ మొత్తం ముట్టుకుంది."

"అదీ సంగతి. ఆకలితో ఉన్నోనికి ముద్దలు పెద్దవి చేసి పెట్టినారు. ఇప్పుడు అన్నమంతా ఒకేసారి పోస్తాండారు. స్క్రూ పక్కన నేను తెల్లరంగు చుక్క పెట్టినా సూడు, దాని సూటికి తిప్పేయ్."

దుమ్ము తుడిస్తే చుక్క కనబడింది. నరసింహస్వామి భక్తుడి తిప్పు, టీ అంగడి తిప్పు, పెద్దాయన తిప్పు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాను. తాళం తిప్పగానే కారు అందుకుంది. ఆ చప్పుడు నాకు కొత్తగా వినబడింది. ఎత్తును ఎత్తులా కాక రోడ్డులా ఎక్కింది. వెనక సీటులో అత్త తల ఊగడం ఆగిపోయింది. పుంజు కూడా కూత మాని చుట్టూ చూసింది. ఏదో లోపించినట్టుంది దానికి.

దారి పొడవునా అత్త నోరు తెరవలేదు. ఇది పోయిన ఏటి మౌనం కాదు. అద్దంలో చూస్తే, ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, తోడికోడలికి చెప్పాల్సిన జవాబు వల్లెవేయడమో తెలియదు.

పల్లె చేరేసరికి ఆరాధన అయిపోయింది. చర్చిలోంచి అందరూ బయటికి వచ్చేసి పందిట్లో కూర్చున్నారు. బల్ల మీద కంకులు, కాయలు పేర్చి ఉన్నాయి. అత్త కారు ఆగకముందే తలుపు తీసింది. కానీ పాట వినబడటం లేదు. పాటకు బదులు ఒక పోట్లాట వినబడుతోంది. బల్ల ముందు మా అత్త తోడికోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని సంఘ పెద్దతో తగువాడుతోంది. ఆమె గుమ్మడికాయ బల్ల మీద అందరి ముందూ కనబడుతోంది.

"ఎంతసేపమ్మా? జనాలకు ఆకలైతాండాది. నీ గుమ్మడికాయే ముందు పాడేద్దాం. నీకే గదా మంచిది?" అంటున్నాడు సంఘ పెద్ద.

"అది రానీ అంటి గదా! పోయినేడు అది లేకుండా ముందు పాడించుకుంటి. ఏం సుకం? గెల్చినా గెల్చినట్టే ల్యా. దాని మొగం సూస్తా ముందు పాడించుకోవల్ల. అది వచ్చేదాకా గుమ్మడికాయ మీద చెయ్యేస్తే చూడు!"

అయ్యగారు కుర్చీలో కూర్చుని, తన ప్రసంగం కూడా ఇంతసేపు పట్టలేదన్నట్టు కళ్లు మూసుకున్నారు.

అప్పుడు పుంజు కూసింది. పందిరంతా ఇటు తిరిగింది. మా అత్త గంప నెత్తిన పెట్టుకుని, ఒళ్లంతా దుమ్ముతో, ఎవరినీ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. గంపను గుమ్మడికాయకు ముందు పెట్టింది.

"వచ్చినా," అన్నది.

"వచ్చినావులే అక్కా. ఇంగ కొంచెం ఉంటే పుంజు ముసిలిది అయ్యేది," అన్నది తోడికోడలు. అయినా గుమ్మడికాయను తనే ఒక జానెడు వెనక్కి లాగింది.

పుంజు మొదటి పాటకు వచ్చింది. తోడికోడలు అందరికంటే గట్టిగా పాడి, ఇంకెవరినీ దగ్గరికి రానివ్వకుండా దాన్ని గెలుచుకుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి మా అత్తకు చూపించింది.

"ఈ పొద్దు నా చట్టిలో ఉడుకుతాది అక్కా నీ పుంజు."

"ఉడకనీ. ముందు పాట ఎవురిది?"

"నీదేలే."

ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. తగువులో ఇద్దరూ ఒకేసారి గెలవడం నేను నా ఉద్యోగంలో ఏ కోర్టులోనూ చూడలేదు, ఏ ఎన్నికలోనూ చూడలేదు.

మధ్యాహ్నం తోడికోడలు ఇంట్లో వరసగా కూర్చున్నాం. వండింది చిన్నకోడలు, వడ్డించే గరిటె మాత్రం ఎప్పటిలాగే పెద్దకోడలిది. విస్తళ్లలో కొర్రన్నం పడింది. చట్టి పట్టుకుని అత్త నా వైపు వస్తుండగా తోడికోడలు వాకిలికి ఆనుకుని నన్నడిగింది.

"అది సరే నాయనా, పోయినేడూ ఆలీసం, ఈయేడూ ఆలీసం. ఏం రోగమప్పా నీ కారుకు? ఏడాదిగా మా అక్క దాన్ని తిట్టని దినం ల్యా. ఫోన్ చేస్తే సాలు, అల్లుడి కారు అల్లుడి కారు అని."

విస్తళ్ల ముందున్న చుట్టాలంతా నా వైపు తిరిగారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించింది. అత్త చెయ్యి చట్టి మీద ఆగిపోయింది. ఆమె నన్ను చూడలేదు. చట్టిలోకి చూసింది. గరిటె అడుగుదాకా పోయి, అటు తిరిగి, ఇటు తిరిగి, దేన్నో వెతికి పట్టుకుంది. పైకి లేచి వచ్చి నా విస్తరిలో దిగింది.

కాలు ముక్క.

ఏడాది తర్వాత దాన్ని చూస్తున్నాను. వార్త రాయమని, రాయవద్దని చాలామంది చాలా ఇవ్వబోయారు నాకు. డైరీలు, పెన్నులు, దసరాకు మిఠాయి పెట్టెలు. మొహమాటపడకుండా తిప్పి పంపాను. దీన్ని పంపలేదు.

"గ్యాస్ సరిగ్గా వచ్చేది కాదు చిన్నత్తా," అన్నాను. "ఇప్పుడు కుదిరింది."

"ఎవురు కనిపెట్టిరి?"

"మీ అక్కే."

అత్త గరిటె మళ్లీ చట్టిలోకి పోయింది. రెండో కాలు కూడా నా విస్తరిలోకే వచ్చింది. పక్కన కూర్చున్న సంఘ పెద్ద దాన్ని విచారంగా చూశాడు.

ముక్క గట్టిగా ఉంది. ఏడాది మేసిన పుంజు, ఆకలి తొందరలో దించేసిన కూర. సిమ్‌లో ఇంకొంచెంసేపు పెట్టి ఉంటే మెత్తబడేది. కానీ ఆ మాట ఆ రోజు ఆ విస్తళ్ల మధ్య అనదగ్గది కాదని, నోరు మూసుకుని నమిలాను.